రెండు రోజుల వంట

నేను ఒక ఇత్తడి గుండిగను. నలభైమందికి సరిపడా అన్నం ఉడికించే కడుపు, మోయడానికి అటొకటి ఇటొకటి రెండు కడియాలు, మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లు. ఇదీ నా ఆస్తి. పుట్టుకతో మొదలుపెట్టడం పద్ధతే కానీ, ఆ శుక్రవారం పొద్దున్న పెరట్లో నా గురించి నడుస్తున్న తగువు దగ్గర ఎత్తుకుంటాను. అప్పటికే అది ముదిరింది.

"రంగు పూయడానికి మీకు నా గుండిగే దొరికిందేటి?" అని నీలవేణి అడగడం అది మూడోసారి.

"ఒక్క పూటకే అంటన్నాను కదే. ఇన్‌స్పెక్షనైపోతే నేనే కిరసనాయిలెట్టి తుడిచేస్తాను," అన్నాడు ఆమె భర్త తవిటినాయుడు.

గుమ్మడివలస సబ్ జైల్లో హెడ్ వార్డరు ఆయన. లుంగీ ఎగ్గట్టి, నా ముందు గొంతుక్కూర్చుని, సన్న కుంచెతో తెల్లరంగు అద్దుతున్నాడు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఆఫీసులో పేరు. నా మీద కూడా అలాగే రాశాడు: స.జై. 3. సబ్ జైలు, సామాను నంబరు మూడు అని అర్థం. ఒకటో నంబరూ రెండో నంబరూ ఎక్కడున్నాయో నాకు తెలీదు. ఉన్నాయని కూడా నేననుకోను. మూడు అంకె తోక మాత్రం సరిగ్గా నీలవేణి పేరు మీదికి పాకింది.

మెట్టు మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళేరుతున్న అత్తగారు ఎర్రమ్మ తలెత్తకుండానే అంది. "నాను మొదటి రోజే సెప్పినాను. పుట్టింటి ఇత్తడి జైలుకి పంపకే అని. ఇప్పుడు సూడు, ఖైదీకేసినట్టు దానికీ నెంబరేసేసినాడు."

"నాన్నా, మామ్మకి కూడా ఓ నెంబరేసీ. జైలు పప్పే కదా ఏరతంది," అంది కూతురు హిమబిందు, నోట్లో బ్రష్షుతోనే. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది.

"నవ్వకే. వంటసామానేదని జిల్లా నుంచొచ్చే పెద్దసారడిగితే చూపించడానికి ఒక్క గుండిగైనా ఉండాలా వద్దా?" అన్నాడు తవిటినాయుడు.

"మరి వండే మనిషేదని అడిగితే?" అంది నీలవేణి.

తవిటినాయుడు కుంచె కడుక్కోవడంలో పడ్డాడు. చాలాసేపు కడిగాడు. అంత చిన్న కుంచెలో అంత రంగు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

నన్ను పోసింది బుడితిలో ఓ కంచరి. మట్టి అచ్చులో కరిగిన లోహం పోసి, చల్లారాక బద్దలుకొట్టి, వారంరోజులు అరగదీసి, చివరికి వేలితో ఓ దెబ్బ కొట్టి చెవి ఆనించి విన్నాడు. మోత తిన్నగా ఉంటేనే గుండిగ మంచిదని వాళ్ళ నమ్మకం. మనిషిని కూడా అలా ఓ దెబ్బ కొట్టి వినే వీలుంటే బాగుండునని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

నన్ను మొదట కొన్నది నీలవేణి అమ్మమ్మ అచ్చియ్యమ్మ. కోర్టు వీధిలో పూటకూళ్ళ ఇల్లు నడిపేది. వాయిదాలకొచ్చిన వాళ్ళు, వాళ్ళ మీద సాక్ష్యం చెప్పేందుకొచ్చిన వాళ్ళు ఒకే పంక్తిలో కూర్చుని నా పులుసు జుర్రుకునేవారు. అచ్చియ్యమ్మ చదువుకోలేదు. కానీ కంచరి చేత నా మెడ మీద తన పేరు కొట్టించుకుంది. "అన్నం అరిగిపోద్ది. ఎవులెట్టినారో మరిసిపోతారు. ఇత్తడి మరిసిపోదు," అనేది. తర్వాత నేను ఆమె కూతురి ఇంటికి చేరాను, అక్కణ్ణించి పెళ్ళిలో సారెతో పాటు నీలవేణి వెంట ఈ జైలు క్వార్టర్సుకి వచ్చాను. వచ్చేముందు ఆమె పేరు కూడా కొట్టించారు. చుక్కలతో రాసిన పేరు చదవడానికి కాస్త ఓపిక కావాలి. తర్వాత ఇరవైయేళ్ళు అటక మీద పడుకున్నాను. ఏడాదికి ఓ పండగ, ఎవరిదో ఓ సీమంతం, అంతే.

పందొమ్మిది నెలల కింద సబ్ జైలు వంటమనిషి దండాసి రిటైరయ్యాడు. ఆ నెలలోనే గాలివానకి జైలు వంటిల్లు కప్పు కూలింది. కప్పు వేయడానికి నిధులు లేవన్నారు. దండాసి చోట్లో ఇంకొకరిని వేయడానికీ లేవన్నారు. ఇరవై రెండుమంది రిమాండు ఖైదీలకి ఆకలి మాత్రం ఉంది. దానికెవరి మంజూరూ అక్కర్లేదు కదా.

సూపరింటెండెంటు పట్నాయక్ గారు స్వయంగా పెరటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. "అమ్మా, రెండు రోజులు. రెండే రోజులు. ఎల్లుండికి జిల్లా నుంచి మనిషిని పంపుతామన్నారు. లోపలికి ఆడవాళ్ళని రానివ్వకూడదు గనక ఇక్కడే వండి పంపించండి. ఇంత అన్నం, ఓ పులుసు."

నీలవేణి నన్ను అటక మీంచి దింపింది. చింతపండుతో తోమింది. పంపకే అని ఒక్క మాట అనేసి, ఎర్రమ్మ ఆ రెండు రోజులూ కోడలితో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. "ఏదే మీ జిల్లా మనిషి?" అని.

ఆ మనిషి రాలేదు. రెండు రోజులు పందొమ్మిది నెలలయ్యాయి.

నన్ను జైలుకి చేర్చే పద్ధతి గురించి చెప్పాలి. నా కడియాల్లో వెదురుబొంగు దూర్చి ఇద్దరు మొయ్యాలి. తొమ్మిదిమంది వార్డర్లు ఉండాల్సిన చోట నలుగురున్నారు. పూటకి ఇద్దరు. ఆ ఇద్దరూ నన్ను మోస్తే గేటు దగ్గర ఎవరూ ఉండరు. ఒక్కరు మోస్తే నేను కదలను. అందుకని వాళ్ళు ఓ ఉపాయం కనిపెట్టారు. గేటు తీసి ఓ ఖైదీని బయటికి తెచ్చుకునేవారు. ముందు తవిటినాయుడు, వెనక కామయ్య, మధ్యలో నేను.

కామయ్యకి అరవై దాటాయి. పొలం గట్టు తగువులో దాయాదిని పలుగుతో కొట్టాడు. బెయిలిచ్చినా జామీను నిలబడేవాడు లేక లోపలే ఉండిపోయాడు. రోజుకి రెండుసార్లు తాళం తీసి వీధిలోకి తెస్తే, రెండుసార్లూ తిరిగి లోపలికెళ్ళేవాడు.

"పారిపోవాలనిపించదేటి నీకు?" అని హిమ ఓసారి అడిగేసింది.

"ఎల్లిపోతే నాయుడుబాబు ఉద్దోగం పోద్దమ్మా," అన్నాడు కామయ్య. ఆలోచించి ఇంకో మాట చేర్చాడు. "పులుసు కూడా పోద్ది."

నీలవేణి నవ్వింది. బొంగు ఎత్తేముందు ఆమె రోజూ ఓ చుక్క పులుసు అతని చేతిలో వేసి "ఉప్పు సరిపోయిందా తాతా?" అని అడిగేది. అతను నాలిక్కి రాసుకుని తలూపాకే నేను కదిలేదాన్ని.

రోజుకి రెండుపూటలు. తెల్లారకముందే లేచి కట్టెల పొయ్యి రాజేయాలి. ముందు నాలో అన్నం వండి జైలు బకెట్లలోకి దించాలి, తర్వాత నన్ను కడిగి పప్పో పులుసో పెట్టాలి. చింతపండు పులుపుకి నా లోపలి కళాయి అరిగిపోయింది. కళాయి పోయిన ఇత్తడిలో పులుపు వండితే విషమవుతుంది. ఆఫీసులో అడిగితే కళాయికి పద్దు లేదన్నారు. నీలవేణి తన పాత జరీ చీర ఇచ్చేసి నాకు కళాయి పెట్టించింది. ఆమె అరచేతులు ఆ ఏడాదిలో చెక్కబారిపోయాయి. అయినా ఆమె సణగలేదు. ఎందుకంటే ఆమెకో ఆశ ఉంది.

పని మొదలెట్టిన రెండో నెలలో పట్నాయక్ గారు తవిటినాయుడితో అన్నారట. "ఎలాగూ మీ ఆవిడే చేస్తోంది కదా. ఓ అర్జీ పెట్టించు. వంట పోస్టుకి ఆవిడ పేరే పంపుదాం."

ఆ సాయంత్రం ఇంట్లో పండగలా ఉంది. హిమ తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో అర్జీ రాసింది. నీలవేణి ఏడో తరగతి దాకా చదువుకుంది, కానీ సంతకం పెట్టే అవసరం ఎప్పుడూ పడలేదు. రెండు రోజులు పొయ్యి ముందు బూడిదలో వేలితో రాసి రాసి సాధన చేసింది. నేను చూస్తూనే ఉన్నాను. మొదట ఆ సంతకం వంకాయ తొడిమలా వచ్చేది, చివరికి మనిషి పేరులా వచ్చింది. ఫోటో స్టూడియోకి వెళ్ళి పెళ్ళి తర్వాత మొదటిసారి ఒక్కతే ఫోటో దిగింది. ఆ ఫోటోని అర్జీ మూలన గుండుసూదితో గుచ్చి భర్త చేతికిచ్చింది.

"ఇంక జైలు రికార్డులో నీ పేరెక్కిపోద్దే నీలా," అన్నాడు తవిటినాయుడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే సంతోషపడ్డాడు. ఆ సంగతి నేను దాచను.

తర్వాత ఆమె నెలకోసారి అడిగేది. "ఫైలెక్కడిదాకా వచ్చింది?"

"కదిలింది. జిల్లాకెల్లింది."

హిమ ఫోన్ తీసేది. "నంబరు చెప్పు నాన్నా, ఆన్‌లైన్లో చూస్తాను."

"జైలు ఫైల్లు ఆన్‌లైన్లో ఎట్టరే. సెక్యూరిటీ," అనేవాడాయన.

ఇంట్లోవాళ్ళు నమ్మారు. నేను మాత్రం నమ్మలేకపోయాను. ఎందుకంటే నేను ఆ ఆఫీసు వరండాలో కూర్చునేదాన్ని.

నన్ను లోపలికి తీసుకెళ్ళేముందు వరండాలో దించేవారు. సూపరింటెండెంటు రుచి చూసి, బాగుందని పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని నియమం. ఆయన సంతకం పెట్టేదాకా నేను అక్కడే. మూత పెట్టినా నాకు వినిపిస్తుంది. ఇత్తడి కదా, చిన్న మాటకి కూడా నాలో మోత పుడుతుంది.

పదహారో నెలలో ఓ రోజు పట్నాయక్ గారు ఆ వరండాలోనే కుర్చీ వేసుకుని, జిల్లాకి పంపాల్సిన నివేదిక చెబుతున్నారు. తవిటినాయుడు రాసుకోవాలి. ఆఫీసులో తెల్లకాగితాలు అయిపోయి రెండు నెలలైంది. స్టేషనరీ నిధులూ రాలేదు. పాత కట్టలు విప్పి, రాయని వైపు చిత్తుప్రతులు రాసుకోవడం వాళ్ళకి అలవాటైంది. తవిటినాయుడు కట్టలోంచి ఓ కాగితం లాగి, తిరగేసి, ఒళ్ళో అట్ట మీద పెట్టుకున్నాడు.

"రాయి నాయుడూ," అన్నారు పట్నాయక్ గారు. "సిబ్బంది లేని చిన్న జైళ్ళన్నీ జిల్లా జైల్లో కలిపేస్తున్నారు. మనకి వంటమనిషి లేడు, వంటిల్లు లేదు అని రాశావనుకో, మూసేస్తారు. నువ్వొక మూలకి, నేనొక మూలకి. క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. మీ అమ్మని ఈ వయసులో ఎక్కడికి తిప్పుతావు? అమ్మాయి కాలేజీ? అందుకని ఇబ్బందేం లేదనే రాద్దాం."

"మరి మా ఆడమనిషి అర్జీ సార్..." అన్నాడు తవిటినాయుడు.

"జైలుంటే కదయ్యా పోస్టు! ముందు జైలు నిలబడనీ."

తవిటినాయుడు రాయడం మొదలుపెట్టాడు. నాలుగు పంక్తులు ముత్యాల్లా నడిచాక కలం దేనికో తగిలి ఆగింది. ఆయన కాగితం ఎత్తి చూశాడు. గుండుసూది. కాగితం రెండో వైపు, మూలన, పెళ్ళి తర్వాత మొదటిసారి ఒక్కతే దిగిన నీలవేణి.

ఆయన కొంచెంసేపు అలాగే చూశాడు. సూది తీశాడు. ఫోటోని చొక్కా జేబులో వేసుకున్నాడు. కాగితం మళ్ళీ తిరగేసి, అట్ట మీద చదును చేసి, ఐదో పంక్తి రాశాడు.

నా కడుపులో ఇరవై రెండుమందికి సరిపడా పప్పుచారు సలసలమంటోంది. నాకు నోరుంటే ఆ వరండాలో ఏదో ఒకటి అనేదాన్ని. గుండిగకి నోరు పెద్దదే, కానీ మాటొచ్చే నోరు కాదు.

ఆ వారం ఖాకీ చొక్కా ఉతకబోతూ నీలవేణి జేబులో చెయ్యి పెట్టింది. తన ఫోటో తన చేతికొచ్చింది. నూతి గట్టు మీద నన్ను బోర్లించి ఉంచారు, అంతా చూశాను. ఆమె మొహం ఎర్రబడింది. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసింది. నలభై నాలుగేళ్ళ మనిషి, పదహారేళ్ళ పిల్లలా పెదవి కొరుక్కుంది. డ్యూటీలో జేబులో పెట్టుకు తిరుగుతున్నాడనుకుంది పాపం. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోటోని దండెం మీద క్లిప్పుతో ఆరబెట్టి, మర్నాడు ఇస్త్రీ చొక్కా జేబులో తిరిగి పెట్టేసింది. ఆ రోజు ఆయనకి ఇష్టమని కందగడ్డ పులుసు పెట్టింది. ఆయన కళ్ళెత్తకుండా తిన్నాడు.

నా జన్మలో నేను మోసిన బరువుల్లో ఆ పులుసంత బరువు ఇంకోటి లేదు.

ఇక ఆ శుక్రవారం. మెడ మీద స.జై. 3 వేసుకుని నేను వరండాలో కూర్చున్నాను. ఇన్‌స్పెక్షనుకి వచ్చిన పెద్దసారు నా మూత తీయించి, గరిటెడు పులుసు తాగి, ఇంకో గరిటె అడిగారు.

"అమోఘంగా ఉందయ్యా! ఎవరు వండేది?"

పట్నాయక్ గారు తవిటినాయుడి వైపు చూశారు. తవిటినాయుడు నా వైపు చూశాడు.

"లోకల్ ఏర్పాటు సార్," అన్నారు పట్నాయక్ గారు.

"మంచి ఏర్పాటు. అందుకే మీరు రాసినదాన్ని బట్టి ఆ వంట పోస్టు మేం పైకి సరెండర్ చేసేశాం. పోయిన వారమే రద్దయింది. నిధులు లేని రోజుల్లో మీలాంటివాళ్ళే కావాలి," అని ఆయన కారెక్కారు.

సాయంత్రం తవిటినాయుడు కిరసనాయిలు తెచ్చి నన్ను తుడవబోయాడు. రంగు ఎండిపోయింది. అక్షరాలు పోయినట్టే పోయాయి కానీ, తెల్లటి మరక పేర్లున్న చుక్కల్లోకి దిగి అక్కడే ఉండిపోయింది.

"పెద్దసారేటన్నారు?" అంది నీలవేణి.

"పులుసు అమోఘమన్నారు," అన్నాడాయన. అబద్ధం కాదు కదా.

"పోస్టు మాటేటి?"

"చూద్దామన్నారు."

ఇది అబద్ధం.

ఆదివారం పొద్దున్న నీలవేణి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆఫీసులో పాడైన చిత్తుకాగితాలు కట్టగట్టి తవిటినాయుడు ఇంటికి తెస్తుంటాడు, పొయ్యి రాజేయడానికి. కాగితం కాల్చేముందు భర్త దస్తూరీని ఓసారి చదువుకోవడం ఆమె అలవాటు. చదివి, మెలిపెట్టి, నిప్పంటించేది. ఆ పొద్దున్న తీసిన కాగితం మెలిపెట్టలేదు.

పెదవులు కదుపుతూ చదివింది. "వంటమనిషి పదవీ విరమణ చేసినప్పటినుంచి ప్రత్యామ్నాయ ఏర్పాటు సంతృప్తికరంగా నడుస్తున్నది. ఆహారం గురించి ఫిర్యాదులు లేవు. కావున ఖాళీగా ఉన్న వంట పోస్టు ఈ జైలుకు అవసరం లేదని సవినయంగా తెలియజేయడమైనది."

రెండోసారి చదివింది. అప్పుడు వెనక్కి తిప్పింది.

హిమ గుండ్రటి అక్షరాలు. గొర్లె నీలవేణి, భర్త తవిటినాయుడు. కింద బూడిదలో నేర్చుకున్న సంతకం. మూలన సూది గుచ్చిన రెండు బెజ్జాలు, వాటి చుట్టూ తుప్పు మరక. కాగితమంతా పసుపెక్కినా, ఫోటో ఉన్న మేర మాత్రం తెల్లగా ఉంది.

ఆమె ఏడవలేదు. లేచి వెళ్ళి దండెం మీదున్న ఖాకీ చొక్కా జేబులోంచి ఫోటో తీసుకొచ్చింది. ఆ తెల్లటి చోట పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. ఇంకో కాగితంతో పొయ్యి రాజేసి, నన్నెక్కించి, వంట కానిచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కామయ్య వచ్చి చెయ్యి చాపి నిలబడితే, అతని చేతిలో ఏమీ వేయకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"తల్లి ఈయేల ఉప్పడగలేదు బాబూ," అన్నాడు కామయ్య బొంగు భుజానికెత్తుకుంటూ.

నేను ఖాళీగా తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను దించి కామయ్య మెల్లగా చెప్పాడు. "తల్లీ, పులుసులో ఉప్పు మరిసిపోనావమ్మా. పర్లేదు, అందరం తినేసినాం."

నీలవేణి భర్త వైపు తిరిగింది. "పుస్తకంలో ఏటి రాసేరు?"

"ఏ పుస్తకం?"

"రుచి చూసే పుస్తకం."

"బాగుందనే. ఆదివారం పట్నాయక్ గారు రారు కదా. శనివారమే రాసి సంతకమెట్టేసేరు."

ఆమె తలూపింది. ఆ ఆఫీసు రాతల్లో నిజమూ ఉంటుందేమోనని అంతసేపూ ఏదో ఓ చిన్న సందేహం మిగుల్చుకున్నట్టుంది. అదీ అప్పుడు తీరిపోయిందని నాకు తోచింది.

మధ్యాహ్నం వెనక వరండాలో అందరూ భోజనాలకి కూర్చున్నారు. జైలుకి పంపేముందు తీసి ఉంచిన పులుసే ఇంటికి కూడా. ఎర్రమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఒలే నీలా, ఉప్పేదే?"

నీలవేణి ఉప్పు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. గిన్నె పక్కన ఆ కాగితం పరిచింది, అర్జీ వైపు పైకి. దాని మూలన ఫోటో పెట్టింది.

హిమ తన రాత గుర్తుపట్టి కాగితం తిరగేసింది. తండ్రి రాత కూడా గుర్తుపట్టింది. ముద్ద పళ్ళెంలో వదిలేసింది.

"నాన్నా, ఇదేటిది?"

"అది... చిత్తు కాయితమే..."

"ఒక్క మాటడుగుతాను," అంది నీలవేణి. గొంతు పెంచలేదు. "రెండో వేపు చూసే రాసేరా, చూడకుండా రాసేరా?"

అబద్ధం చెప్పడానికి వీలున్న ప్రశ్నే అది. చూడలేదంటే ఆమె నమ్మి ఉండేదేమో. కానీ ఫోటో ఆయన జేబులోంచే వచ్చింది.

"జైలు మూసేత్తారన్నారే," అన్నాడు చివరికి. "ఇల్లు ఖాళీ చెయ్యాలన్నారు. అమ్మనట్టుకుని ఎక్కడికెల్లను? దీని చదువేటవుతాది? మీకోసమే కదే..."

"నా కోసం నన్నే తీసేసేరన్నమాట."

"మళ్ళీ పోస్టొస్తాదే. పట్నాయక్ గారన్నారు..."

"రాదు. అవసరం లేదని మీరే రాసేరు కదా. అంత మంచి దస్తూరీతో రాస్తే ఎవులు నమ్మరు?"

ఎర్రమ్మకి చదువు రాదు. అయినా ఫోటోనీ, కొడుకు మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఒరే తవిటీ," అంది, "నా కోడలు పందొమ్మిది నెల్లు పొగలో సచ్చింది. నానూ దెప్పినాను. నివ్వు ఇంట్లో వుండి ఇదేట్రా?"

నేను నూతి గట్టు మీద బోర్లా పడి ఉన్నాను. మధ్యాహ్నపు ఎండకి నా మెడ మీద తెల్లమరకలు పట్టిన చుక్కలు మెరుస్తున్నాయి. అచ్చియ్యమ్మా, ఇత్తడి మరిచిపోదన్నావు. నిజమే. నీ మనవరాలి పేరు నా మెడ మీద ఉంది, కానీ నన్నెవరూ చదవరమ్మా. కాగితాలనే చదువుతారు.

నీలవేణి అందరికీ మారు వడ్డించింది. తనూ పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. ఉప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నాక, రేపు ఏం కూరో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"రేపూ ఎల్లుండీ వండుతాను. రెండు రోజులు. రెండే రోజులు. బుధవారం పొద్దున్న గుండిగ అటకెక్కిపోతాది."

"అలగంటే ఎలగే?" అన్నాడు తవిటినాయుడు. "లోపల ఇరవై రెండుమందున్నారు. ఆళ్ళు తినొద్దేటి?"

"తినాలి. అందుకే మీకు రెండు రోజులిస్తన్నాను. వంటమనిషి లేదని రాయండి."

హిమ ఎడమచేత్తో తన నోటుపుస్తకం లాక్కుంది. మధ్య పేజీ ఒకటి చింపి తండ్రి పళ్ళెం పక్కన పెట్టింది. తవిటినాయుడు దాన్ని ముట్టుకోలేదు, అవతలికి తొయ్యనూ లేదు.

"రెండు వేపులా చూసుకోండి," అంది నీలవేణి. "ఇది తెల్లకాయితమే."